నెట్‌వర్క్ పాఠాలు – 6: కౌలు చిరునామా, పట్టా చిరునామా

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లినవారికి తక్‌పట్టీ విలువ చెప్పనక్కర్లేదు. కాంటా అయ్యాక బస్తాలు, ధర, కోతలు అన్నీ లెక్కగట్టి అడ్తిదారు ఆ చీటీ చేతికిస్తేనే రైతు డబ్బు తీసుకొని ఊరికి బయలుదేరుతాడు. అక్కడి ఒక దుకాణంలో నెట్‌వర్క్ పెట్టింది నేనే. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి పావుగంటకు వచ్చింది. కంప్యూటర్లు తెరుచుకున్నాయి, లెక్కలు తెర మీద కనబడుతున్నాయి, ప్రింటర్ మీద పచ్చదీపం వెలుగుతోంది. చీటీ మాత్రం రావడం లేదు. ములుగు బస్సు అందుకోవలసిన ఇద్దరు రైతులు గుమ్మంలోనే నిలబడిపోయారు. చివరికి గుమాస్తా చేత్తో రాసిచ్చాడు.

ప్రింటర్ చెడిపోలేదు. ఉదయం నెట్‌వర్క్‌లో దాని చిరునామా (ఐపీ అడ్రస్) 192.168.10.104. కరెంటు వచ్చాక 192.168.10.107 అయింది. కంప్యూటర్ పాత ఇంటి తలుపే తడుతోంది. తప్పు నాది. ప్రింటర్‌కు చిరునామాను పక్కా చేయకుండా వదిలేశాను. ఆ పని ఎలా చేయాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

గత పాఠంలో స్విచ్‌లోని, అంటే పరికరాలన్నిటినీ వైర్లతో కలిపే పెట్టెలోని, డీహెచ్‌సీపీ సర్వర్‌ను (అడిగిన పరికరాలకు చిరునామాలు ఇచ్చే ఏర్పాటును) తెరిచి, 192.168.10.100 నుంచి 192.168.10.199 వరకు వంద చిరునామాలను పంచడానికి ఇచ్చాం. అక్కడ లీజు అన్నాం కదా, అది అచ్చంగా మన కౌలే. గడువు ఉంటుంది. సగం గడువు గడవగానే పరికరం వచ్చి పొడిగించమని అడుగుతుంది. ఎవరికి ఏది ఇచ్చిందో స్విచ్ ఒక పట్టికలో రాసుకుంటుంది. చాలా స్విచ్‌లలో ఈ పట్టిక తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది కాబట్టి కరెంటు పోతే అది తుడిచిపెట్టుకుపోతుంది. కరెంటు వచ్చాక పాత చిరునామా గుర్తున్న పరికరాలు మళ్లీ దాన్నే అడుగుతాయి. గుర్తులేనివి కొత్తగా అడిగి, ఇచ్చింది పుచ్చుకుంటాయి. మా ప్రింటర్‌కు గుర్తులేదు.

1997లో వెలువడిన డీహెచ్‌సీపీ ప్రమాణపత్రం, ఆర్‌ఎఫ్‌సీ 2131, చిరునామా ఇచ్చే పద్ధతులు మూడని చెబుతుంది. గడువుతో ఇవ్వడం, శాశ్వతంగా ఇచ్చేయడం, నిర్వాహకుడు ముందే నిర్ణయించినదాన్ని అందజేయడం. ఈ మూడోదే రిజర్వేషన్. ఫలానా చిరునామా ఫలానా పరికరం పేరున పట్టా చేయడం అన్నమాట. పట్టా ఉన్నా పరికరం అడగడం మానదు, ఎప్పటిలాగే అడుగుతుంది. స్విచ్ మాత్రం ప్రతిసారీ ఒకే జవాబు ఇస్తుంది.

ప్రింటర్ సెట్టింగులలోనే చిరునామా రాసేస్తే సరిపోదా అని నన్ను చాలామంది అడుగుతారు. సరిపోదు. మీరు ప్రింటర్‌లో 192.168.10.104 అని రాసిన సంగతి స్విచ్‌కు తెలియదు. ఆ అంకె పంచే వరుసలోనే ఉంది కనుక, ప్రింటర్ ఆపి ఉన్న రోజున దాన్ని ఏ ఫోనుకో ఇచ్చేస్తుంది. ఆ తరువాత రెండూ ఒకే చిరునామా మీద కొట్లాడుకుంటాయి. పైగా రేపు చిరునామాల వరుసే మార్చవలసి వస్తే ప్రతి యంత్రం దగ్గరికీ వెళ్లాలి. స్విచ్‌కు, ఇంటర్నెట్ రూటర్‌కు మాత్రం వాటిలోనే రాయాలి. మిగతావన్నీ స్విచ్‌లోనే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

పని మొదలుపెడదాం. ముందు కావలసింది ప్రింటర్ మ్యాక్ చిరునామా, అంటే తయారీలోనే పరికరానికి వేసే గుర్తింపు సంఖ్య. ఇందులో పన్నెండు స్థానాలు ఉంటాయి. 0 నుంచి 9 వరకు అంకెలు, ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు వస్తాయి, మరేవీ రావు. అందుకే గుండ్రంగా కనబడినదల్లా సున్నాయే. 8కీ, బికీ మధ్య పొరబడడం మాత్రం మామూలే, చిన్న అక్షరాల స్టిక్కరైతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఇంకో ముఖ్యమైన సంగతి. వైరుకూ, వైఫైకీ రెండింటికీ వీలున్న ప్రింటర్‌కు మ్యాక్ చిరునామాలు రెండు ఉంటాయి. వైరు మీద నడిచే ప్రింటర్‌కు వైఫై మ్యాక్ రాస్తే ఎంత సరిగ్గా రాసినా పట్టా పనిచేయదు. నమ్మకమైన దారి ఏమిటంటే, ప్రింటర్ నడుస్తుండగా స్విచ్ లీజు పట్టికను తెరిచి, ఇప్పుడున్న చిరునామా ఎదురుగా ఏ మ్యాక్ కనబడుతుందో దాన్నే కాపీ చేసుకోవడం. స్టిక్కర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

ఇక చిరునామా ఎంపిక. పట్టాలకు నేను 192.168.10.21 నుంచి 192.168.10.60 వరకు విడిగా ఉంచుతాను. పంచే వరుస వందతో మొదలవుతుంది కాబట్టి రెండూ కలవవు. అంకె చూడగానే ఇది పట్టాదారు అని తెలుస్తుంది. అయితే రిజర్వేషన్ పంచే వరుస లోపలే ఉండాలని పట్టుబట్టే సర్వర్లూ ఉన్నాయి. మీ స్విచ్ ఒప్పుకోకపోతే వరుసనే 21 నుంచి మొదలుపెట్టి, 21 నుంచి 99 వరకు పట్టా చేయని వాటిని పంపిణీ నుంచి మినహాయించండి.

స్విచ్ సెట్టింగుల పేజీలో డీహెచ్‌సీపీ సర్వర్ కింద స్టాటిక్ హోస్ట్స్ అనో, మాన్యువల్ బైండింగ్ అనో, అడ్రస్ రిజర్వేషన్ అనో ఉంటుంది. అక్కడ పేరు, చిరునామా 192.168.10.21, మాస్క్ (చిరునామాలో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పే అంకె) 255.255.255.0, మ్యాక్ నింపండి. గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే రూటర్ చిరునామా) గడి ఉంటే అదీ నింపాలి. కొన్ని స్విచ్‌లు మ్యాక్‌కు బదులు క్లయింట్ ఐడెంటిఫైయర్ (అడిగేటప్పుడు పరికరం తన గురించి చెప్పుకునే గుర్తు) అడుగుతాయి. అప్పుడు మ్యాక్ ముందు ఈథర్నెట్‌కు గుర్తుగా 01 చేర్చాలి. ఉదాహరణకు 48-25-67-10-93-52 అన్నది 0148.2567.1093.52 అవుతుంది. ఆ 01 మరిచిపోయి గంటలు గంటలు తల పట్టుకున్నవారిని చూశాను.

పట్టా చేసినంత మాత్రాన ప్రింటర్ వెంటనే మారదు, కౌలు గడువు ఇంకా నడుస్తోంది. లీజు పట్టికలో దాని పాత నమోదును తొలగించి, ప్రింటర్‌ను ఆపి మళ్లీ వేయండి. 21 వచ్చిందని చూశాక కంప్యూటర్‌లో ప్రింటర్ పోర్టును (ప్రింటర్ ఏ చిరునామాలో ఉందో చెప్పే సెట్టింగును) కూడా 192.168.10.21కు మార్చండి. ఆ తరువాత స్విచ్‌లో సేవ్ నొక్కండి. దీన్ని తేలికగా తీసుకోకండి. చాలా స్విచ్‌లలో నడుస్తున్న సెట్టింగు వేరు, బూట్ అయ్యేటప్పుడు చదువుకునే సెట్టింగు వేరు. సేవ్ చేయని పట్టా కరెంటుతోపాటే పోతుంది.

అన్నీ సరిగ్గా చేసినా 192.168.10.21 రాకపోతే, చిరునామాలు పంచేవారు ఇంకొకరు ఉన్నారేమో చూడండి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్‌లో డీహెచ్‌సీపీ తెరిచే ఉంటుంది. ఎవరు ముందు పలికితే సాధారణంగా వారిదే చెల్లుతుంది. రూటర్‌లో దాన్ని మూసేయండి. 169.254తో మొదలయ్యే చిరునామా కనబడితే అర్థం వేరు. ఆ పరికరానికి ఎవరూ జవాబే ఇవ్వలేదు. ముందు వైరు చూడండి.

ఫోన్ల సంగతి వేరు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ చూపకుండా మారుమ్యాక్ చూపుతున్నాయి. మ్యాక్‌లో రెండో స్థానంలో 2, 6, ఎ (A), ఇ (E) – వీటిలో ఏదైనా ఉంటే అది మారుమ్యాక్ కావచ్చు. ఫోనుకు పట్టా తప్పనిసరైతే ఆ వైఫై సెట్టింగులలో అసలు మ్యాక్‌నే వాడేలా మార్చండి. నన్నడిగితే ఫోన్లను కౌలుకే వదిలేయడం మేలు.

చేసిన ప్రతి పట్టానూ పుస్తకంలో రాయండి. దుకాణంలో మా పుస్తకం మొదటి వరుస ఇది: తక్‌పట్టీ ప్రింటర్, 192.168.10.21, 48-25-67-10-93-52, వైరు, స్విచ్ రెండో పోర్టు.

ఈ వారం అభ్యాసం. ఒక ప్రింటర్‌కు, ఒక కెమెరాకు పట్టా చేయండి. పని లేని వేళ చూసి స్విచ్‌తో సహా అన్నీ ఆపండి. ముందు స్విచ్‌ను, తరువాత కంప్యూటర్లను, ఫోన్లను వేసి, ప్రింటర్‌ను అన్నిటికన్నా ఆఖరున వేయండి. ఒక కాగితం ప్రింట్ తీయండి. వస్తే ఏడో పాఠానికి రండి. కెమెరాలను వేరే వీల్యాన్‌లో, అంటే అదే స్విచ్‌లో విడదీసిన వేరే నెట్‌వర్క్‌లో పెడదాం.