పర్లాకిమిడి రైలు కథలో సవరలను ఎలా రాయాలి

నౌపడ నుంచి మా ఊరు పర్లాకిమిడికి (ఇప్పుడు ఒడిశాలో ఉంది) చిన్న రైలు 1900లో మొదలైంది. ఆ రైలులో రాజుగారి నగలపెట్టె మాయమవుతుంది, నలుగురు దాని వెంట పడతారు. ఇలాంటి సాహస హాస్య సినిమా కథలు పట్టుకుని మా ఊరి కుర్రవాళ్లు నా దగ్గరకు వస్తుంటారు. కథ బాగానే ఉంటుంది. మా వైపు కొండల్లో ఉండే గిరిజనులైన సవరల మనిషి మాత్రం ఆకులు కట్టుకుని, అర్థంలేని కేకలు పెడుతూ, రైలును చూసి దయ్యమని పారిపోతాడు. ఆ పుట చింపేయమంటాను. దాని చోట ఏం రాయాలో చెబుతాను.

ముందు సంత రాయండి. కొండ దిగి వచ్చిన సవర ఆమె చీపురు కట్టలు దించింది. కట్ట ఖరీదు ఒక పై, అంటే ఆనాటి చిన్న నాణెం, అనుకోండి. షావుకారు పదమూడు కట్టలు ఎంచి, అణాకు పన్నెండు పైలు కదా అని వేళ్లు మడుస్తూ ఉంటాడు. ఆమె అప్పటికే చేయి చాచింది. సవర భాషలో లెక్క పన్నెండు దాకా వెళ్లి అక్కడ మలుపు తిరుగుతుంది. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. కట్టల సంఖ్య ఆమె నోట పలికేసరికే ఒక అణా ఒక పై తేలిపోయింది. షావుకారు ఇంకా మొదటి చేతి వేళ్ల దగ్గరే ఉన్నాడు. హాలు నవ్వుతుంది, ఆమె కూడా నవ్వుతుంది. ఈ రెండోది లేకపోతే సన్నివేశం తిరగరాయండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. చదువుకునే రోజుల్లో కోస్తాలో ఒక నాటక పోటీలో నేను ఒకే ఒక్క వాక్యం చెప్పాను. అది దుఃఖం నిండిన మాట. జనం నా యాసకు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. మన కథ చూసే సవర పిల్లకు అది వినబడకూడదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లోనే బడిలో పాఠాలు చెప్పారు. సవర భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇచ్చారు. ఆయన పోలికతో ఒక పంతులును పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. పెట్టండి. మాయమైన నగలపెట్టె మాత్రం ఆయన కనిపెట్టకూడదు. కథలో ఆయన విద్యార్థి. మాట తప్పు పలుకుతాడు, పదేళ్ల సవర పిల్ల దిద్దుతుంది, ఆయన శ్రద్ధగా మళ్లీ పలికి మళ్లీ తప్పుతాడు.

రైలును చూసి పారిపోవడం అసలే వద్దు. సవరల ఇళ్ల గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మల్లో సైకిళ్లు, విమానాలు కూడా కనిపిస్తాయి. కొత్త వస్తువును చూసి గోడ మీదకు ఎక్కించుకున్న మనుషులు వాళ్లు. ఆ బొమ్మలు దేవతల కోసం, పితరుల కోసం వేసేవి కాబట్టి అందం కోసం సెట్టు గోడకు అతికించకండి.

కథ జరిగే నాటికి మా ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉంది. ఒడిశా ఏర్పడింది 1936లో. కాబట్టి పాత్రల నోట రాష్ట్రాల సరిహద్దు మాట రాకూడదు. స్టేషను అరుగు మీద తెలుగు, ఒడియా, సవర మూడూ వినబడాలి.

సవర మాటలు మీరు కల్పించకండి. రాసిన కాగితం గుమ్మా వైపో సెరంగో వైపో తీసుకెళ్లి, ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు ముఖం చిట్లించిన ప్రతిచోటా గీత పెట్టుకోండి. వేషాలూ వాళ్లనే అడగండి, ఊరూరికీ కట్టు మారుతుంది. వాళ్లు చెప్పిన మాట సినిమాలో ఉంటే డబ్బివ్వండి. తెర మీద పేర్లు పడేటప్పుడు సంభాషణల వరుసలో మీ పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో వాళ్ల పేర్లు వేయండి.