ఫైబర్ మోడెమ్ పక్కన మెష్ పెట్టాక వచ్చిన చిక్కు ఇలా తీరింది (నా అనుభవం)

మాది రెండంతస్తుల ఇల్లు. ఫైబర్ మోడెమ్ కింద హాల్లో ఉంది. మధ్యలో కాంక్రీటు స్లాబు కాబట్టి పై గదికి సిగ్నల్ సరిగ్గా అందేది కాదు. రెండు యూనిట్ల మెష్ (ఇల్లంతా ఒకే వైఫైని అందించే పెట్టెల జత) కొని, మొదటిదాన్ని లాన్ కేబుల్‌తో మోడెమ్‌కి కలిపాను. నెట్ వచ్చింది. కానీ మోడెమ్ పాత వైఫైలోనే ఉన్న ప్రింటర్, మెష్‌కి మారిన ఫోన్‌కి కనబడటం మానేసింది. అబ్బాయికి గేమ్‌లో స్నేహితులతో వాయిస్ చాట్ కలిసేది కాదు.

వెతికితే కారణం తెలిసింది. మెష్ లాగే మోడెమ్ కూడా రౌటరే, అంటే ఇంట్లోని ప్రతి పరికరానికీ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు నంబర్) ఇచ్చే పెట్టె. మోడెమ్ 192.168.1 వరుసలో, మెష్ 192.168.0 వరుసలో ఎవరికి వారు ఐపీ అడ్రస్‌లు పంచుతున్నాయి. ఒకే ఇంట్లో వేరు కాపురాలన్నమాట. దీన్నే డబుల్ నాట్ అంటారు. ఇంట్లోని అడ్రస్‌లను బయటి అడ్రస్‌గా మార్చే పని (నాట్) రెండుసార్లు జరుగుతుందన్నమాట.

మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టడం, అంటే దాని రౌటర్ పని ఆపి ఆ పని మెష్‌కే వదిలేయడం ఒక దారి. మా కనెక్షన్‌కి అలా చేయాలంటే పీపీపీఓఈ (నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కావాలి. పైగా అమ్మ వాడే ల్యాండ్‌లైన్ ఆ పెట్టె మీదే నడుస్తుంది. దాన్ని కదిలించడం నాకిష్టం లేదు. అందుకే మెష్ యాప్‌లో ఆపరేషన్ మోడ్‌ని యాక్సెస్ పాయింట్‌గా (అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చాను. ఇప్పుడు అడ్రస్‌లు మోడెమ్ ఒక్కటే ఇస్తుంది. తర్వాత మోడెమ్ వైఫై ఆపేసి, అదే పేరు, అదే పాస్‌వర్డ్ మెష్‌కి పెట్టాను. టీవీ, ప్రింటర్ వాటంతట అవే కలిశాయి.

రెండో యూనిట్‌ని మాత్రం సిగ్నల్ లేని గదిలో కాకుండా మెట్ల మలుపులో పెట్టండి. మొదటిదాని సిగ్నల్ దానికి బాగా అందాలి కదా!