థేమ్స్ దారి మునిగితే వెనక్కి తిరగండి: ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో పరిగెత్తేవాళ్లకు, సైకిల్ తొక్కేవాళ్లకు చలికాలం జాగ్రత్తలు

పోయిన శనివారం పొద్దున సోనింగ్ వైపు వెళ్తూ మన తెలుగు కుర్రాడొకడు సైకిల్‌తో సహా థేమ్స్‌లో పడ్డాడు. నది దారి మీదికి వచ్చేసి ఉంది. ముందు ఎవరో దాటడం చూసి, సగం చక్రం కూడా మునగదనుకుని పోనిచ్చాడు. పక్కన కట్టేసి ఉన్న పడవలోంచి ఒకాయన లైఫ్ రింగ్ విసిరాడు కాబట్టి బతికాడు.

హెల్మెట్, వార్మప్ సంగతి మీకు తెలుసు. వసంతంలో వచ్చే రీడింగ్ హాఫ్ మారథాన్ కోసం చాలామంది ప్రాక్టీసు మొదలుపెట్టారు. వాళ్లందరికీ ఒకటే మాట: నీళ్లెక్కిన దారిలో అడుగు పెట్టకండి.

మనకు ఆ దారి కొట్టిన పిండే. అసలు చిక్కు అక్కడే. నది పక్కనే నడిచే ఈ దారి, థేమ్స్ పాత్, చాలాచోట్ల ఒడ్డుకు సమానంగా, రెయిలింగ్ లేకుండా ఉంటుంది. నీళ్లొస్తే దారీ నదీ ఒకే మట్టం, ఒకే మట్టి రంగు. ఎడమ కాలి కింద అరడుగు నీళ్లుంటే కుడి కాలి కింద నిలువు లోతు ఉండొచ్చు. వరద ఒడ్డును కింది నుంచి కోసేస్తుంది కూడా. నిన్న గట్టిగా ఉన్న అంచు ఇవాళ విరిగిపోవచ్చు.

ఇక్కడ వాన ఆగింది కదా అని బయల్దేరకండి. ఎగువన ఆక్స్‌ఫర్డ్ వైపు కురిసిన వాన మన దాకా రావడానికి టైం పడుతుంది. ఆకాశం తేటపడ్డాక కూడా నది పెరుగుతూనే ఉంటుంది. ఇల్లు కదిలే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కావర్‌షమ్ లాక్ (పడవలు మట్టం మారడానికి నదిలో గేట్లు పెట్టిన చోటు) దగ్గర నీటిమట్టం చూడండి. లాక్‌ల దగ్గర పడవలవాళ్ల కోసం బోర్డులు పెడతారు. పసుపు బోర్డుంటే ప్రవాహం మారుతోందని, ఎర్ర బోర్డుంటే ఉధృతంగా ఉందని అర్థం. ఎర్ర బోర్డు రోజున నది పక్కకు వెళ్లకండి, ఊళ్లో రోడ్ల మీద పరిగెత్తండి.

చన్నీళ్ల గురించి. 15 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలో పడగానే మనకు తెలియకుండానే ఊపిరి ఎగబీలుస్తాం. ఆ గుటకలోనే నీళ్లు లోపలికి పోతాయి. ఈత వచ్చినవాళ్లు కూడా అలాగే పోతారు. పడితే వెంటనే ఈదబోకండి. తల వెనక్కి వాల్చి వెల్లకిలా తేలండి. ఊపిరి దారికొచ్చాకే కేక వెయ్యండి, ఒడ్డు చూసుకోండి.

చీకటి సంగతి: అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక, డిసెంబరుకల్లా నాలుగింటికే పొద్దు గూకుతుంది. సైకిల్‌కి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టరు ఉండి తీరాలి, అది చట్టం.

ఇంకా:

వరద తీసిన తర్వాత మిగిలే ఒండ్రు పాకుడు పట్టిన బావి మెట్టులా ఉంటుంది. దారి ఆరేదాకా ఆగండి.

కెన్నెట్ నది థేమ్స్‌లో కలిసేచోట హార్స్‌షూ బ్రిడ్జి మీద సైకిల్ దిగి నడిపించండి.

కావర్‌షమ్ పైన పల్లె రోడ్లలో ముళ్లపొదల కంచెలు కత్తిరించే కాలమిది. రోడ్డు మీద ముళ్లుంటాయి, టైరు పంక్చరైతే మార్చడానికి విడిగా రెండు ట్యూబులు పెట్టుకోండి.

రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

పెడల్‌కి బిగుసుకునే క్లిప్ షూస్‌తో నది అంచున వద్దు.

ఒంటరిగా వెళ్తే ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి.

ముందున్నవాడు దాటాడని మీరు దాటకండి.

గ్రూపులో ఒక్కరు వెనక్కి తిరుగుదామన్నా అందరూ తిరగండి, వాళ్లని ఆటపట్టించకండి.

పరుగు, సైకిల్ దూరాలు లెక్కపెట్టే స్ట్రావా యాప్‌లో దూరం తగ్గితే తగ్గనివ్వండి. నీళ్లెక్కిన దారిలో దిగకండి.

ఎవరైనా పడితే మీరు దూకకండి. 999కి ఫోన్ చేసి ఫైర్ సర్వీస్ అడగండి, లైఫ్ రింగ్ విసరండి, మనిషి మీద నుంచి కన్ను తీయకండి.