అమెరికా నుంచి బెంగళూరుకి తిరిగొస్తున్నారా? ముందు కుళాయి తిప్పండి

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే బాల్కనీ తర్వాత చూడొచ్చు. కావేరి నీళ్లా, బోరా, ట్యాంకరా అన్నది ఓనర్ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. షవర్ చిల్లులకి తెల్లగా పెచ్చు కట్టి ఉంటే ఉప్పు నీళ్లే. మా ఆవిడైతే ఒక ఇంట్లో అది చూసి, "ఇక్కడ పప్పు ఉడకదు, పదండి" అనేసింది. ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుందా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

ఇల్లు స్కూలుకి దగ్గరగా ఉండాలి. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో మనం నలిగితే నలుగుదాం, పిల్లలెందుకు?

విదేశంలో ఉండగా ఇక్కడి బ్యాంకులో పెట్టుకున్న ఎన్ఆర్ఈ ఖాతాని రెసిడెంట్ ఖాతాగా మార్పించాలి. డాలర్లు డాలర్లుగానే ఉంచాలంటే ఆర్ఎఫ్‌సీ అనే విదేశీ కరెన్సీ ఖాతా తెరవొచ్చు. పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులైతే ఓసీఐ కార్డులు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకి ఇచ్చేవి) అక్కడే తీసుకుని రండి. టీసీ, మార్కుల కాగితాలు మాత్రం సామాన్లలో వేయకుండా చేతి సంచీలోనే పెట్టుకోండి.