కన్సోల్ వేగం పెంచే అప్‌డేట్: ఎక్కించే ముందు జాగ్రత్తలు

కొత్త అప్‌డేట్‌తో గేమింగ్ కన్సోల్ ప్రాసెసర్ వేగం పెరుగుతుందనీ, కంపెనీ ఇంకా ప్రకటించకపోయినా ఫైలు మాత్రం దొరుకుతోందనీ బెంగళూరులోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రచారం సాగుతోంది. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న మారతహళ్లి పీజీ కుర్రాడొకరి కన్సోల్ ఇటీవల లోగో దగ్గరే ఆగిపోయింది. ఇక తెర మీదికి మెనూ రాలేదు.

ఇలాంటి పుకారు పూర్తిగా కల్పితమైతే ఇంతమంది నమ్మరు. చేతిలో పట్టుకుని ఆడే సోనీ పీఎస్‌పీ కన్సోల్ ప్రాసెసర్‌కు 333 మెగాహెర్ట్జ్ సామర్థ్యం ఉన్నా, మొదట్లో ఆటలకు 222 వరకే అనుమతించి, 2007లో ఫర్మ్‌వేర్ (కన్సోల్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ద్వారా ఆ కట్టడిని సడలించారు. నింటెండో స్విచ్‌లో కూడా, 2019 ఏప్రిల్‌లో వచ్చిన 8.0 అప్‌డేట్ తరువాత, ఆట లోడయ్యే కాసేపు ప్రాసెసర్ వేగం 1020 నుంచి దాదాపు 1785 మెగాహెర్ట్జ్‌కు పెరిగే వీలు కలిగింది. అయితే ఆ అదనపు వేగాన్ని వాడుకునేలా ఆటను తయారీదారులే సిద్ధం చేయాలి తప్ప, కొనుక్కున్నవారు తమంతట తాము పెంచుకునేదేమీ లేదు.

అందువల్ల అసలు ప్రమాదం పుకారులో లేదు, బయటి ఫైలును ఎక్కించడంలో ఉంది. కంపెనీ డిజిటల్ సంతకం (ఫైలు తమదేనని చెప్పే గుర్తు) లేని ఫర్మ్‌వేర్‌ను మామూలు కన్సోల్ స్వీకరించదు. కాబట్టి వేగం పెంచుతామని చెప్పేవారు ముందుగా ఆ రక్షణనే తొలగించమంటారు, లేదా మీ అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతారు. రక్షణ తొలగించాక కన్సోల్ ఆన్‌లైన్‌లోకి వెళితే శాశ్వత నిషేధం పడవచ్చు. వారంటీ మీద ఆశ వదులుకోవలసిందే. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో ఎంత చేయితిరిగిన మెకానిక్ అయినా ఆ నిషేధాన్ని ఎత్తించలేడు. అందుకే చెబుతున్నాను: బయటి ఫైలును ఎక్కించకండి.

అప్‌డేట్‌ను కన్సోల్ సెట్టింగ్స్ నుంచే చేయండి. పెన్‌డ్రైవ్ తప్పనిసరైతే, తయారీ సంస్థ అధికారిక వెబ్‌సైట్ చిరునామాను మీరే టైపు చేసి ఫైలు దించుకోండి. స్నేహితుడు పంపిన లింకు, అతడు ఎంత మంచివాడైనా, పనికిరాదు.

మే నెల సాయంత్రాల్లో గాలివాన మొదలై కరెంటు పోవడం ఈ ఊళ్లో మామూలే. ఫర్మ్‌వేర్ రాస్తుండగా కరెంటు పోతే సిస్టమ్ ఫైళ్లు సగంలో చెడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, యూపీఎస్ లేనివారు ఆకాశం తేటగా ఉన్న పూటే ఆ పని పెట్టుకోవాలి.

శాతం కదలడం లేదని ప్లగ్గు పీకకండి. సేవ్ ఫైళ్లను ముందే బ్యాకప్ తీసుకోండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. రెండు దశల ధృవీకరణ పెట్టుకోండి. కన్సోల్‌ను దుకాణంలో వదిలేసి రాకండి. వేడి గాలి బయటికి వెళ్లే సందులను మూయకండి. బయటి ఫైలు ఎక్కించకండి. వేగం పెరిగిందంటూ ఎవరైనా వీడియో చూపిస్తే, అదే ఆట, అదే సన్నివేశం, అప్‌డేట్‌కు ముందూ తరువాతా ఒకే కన్సోల్ మీద చూపించమని అడగండి. అది చూపించినా సరే, బయటి ఫైలు ఎక్కించకండి.