ఆడగుర్రాన్ని దాటించే ముందు ఎద చూడటం ఎలా?

మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఇప్పుడు చాలా ఫామ్‌హౌస్‌లలో గుర్రాలు కనిపిస్తున్నాయి. పాతబస్తీ వైపు బరాత్ గుర్రాలు ఎప్పటినుంచో ఉన్నవే. దాటించడం అంటే మగగుర్రంతో కలపడం, ఎద అంటే ఆడగుర్రం అందుకు ఒప్పుకునే రోజులు. రెండు చోట్లా నేను ఏటా చూసే తప్పు ఒక్కటే. ‘ఇరవై ఒక్క రోజులైంది, ఎదకు వచ్చే ఉంటుంది’ అని క్యాలెండర్ చూసి, ఆడగుర్రాన్ని బండెక్కించి, దిగీ దిగగానే మగగుర్రం ముందు నిలబెడతారు. అది తన్నుతుంది. కాళ్లు కట్టేసి ఎలాగో దాటించామనిపిస్తారు. చూలు నిలవదు. మగగుర్రంలో దమ్ము లేదని తేల్చేస్తారు. దమ్ము ఉంది. ఆడగుర్రాన్ని అడిగినవాళ్లే లేరు.

ముందు ఏర్పాట్లు, గబగబా చెప్పేస్తాను. ఆడగుర్రానికి నాలుగేళ్లు నిండాలి. మూడేళ్లకే దాటించేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. రెండు గుర్రాలకూ గ్లాండర్స్ రక్తపరీక్ష చేయించండి. అది మనుషులకూ అంటుకునే జబ్బు, కాబట్టి దీనిలో బేరం లేదు. పొడవాటి తాడు, చేతి తొడుగులు, సైసుకు (గుర్రాన్ని చూసుకునే మనిషికి) హెల్మెట్, తోకకు చుట్టే పట్టీ కావాలి. ఇక టీజింగ్ బార్, అంటే ఎద చూసేటప్పుడు ఆడ, మగ గుర్రాల మధ్య ఉండే అడ్డు. ఛాతీ ఎత్తున సందుల్లేని చెక్క గోడ కట్టి, దానికి రబ్బరు మ్యాట్ గానీ గోనెసంచులు గానీ మందంగా కొట్టండి. ఇనుప పైపుల గేటు వాడొద్దు. కాలు సందులో ఇరుక్కుంటే ఎముక మిగలదు.

కాలం సంగతి. పగటి వెలుతురు పెరిగేకొద్దీ ఆడగుర్రాలు ఎదకు వస్తాయి. చలి దేశాల్లో శీతాకాలమంతా చాలావాటికి ఎద బంద్. మన హైదరాబాద్‌లో డిసెంబర్‌లో కూడా పగలు పదకొండు గంటలకు తగ్గదు కాబట్టి కొన్ని ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. అయినా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే దాటించాలి. చూలు పదకొండు నెలలు. అప్పుడు దాటిస్తే పిల్ల జనవరి, ఫిబ్రవరిలో పడుతుంది, ఎండలు ముదిరేలోపు నిలదొక్కుకుంటుంది. మేలో దాటిస్తే ఏప్రిల్ ఎండల్లో పడుతుంది. ఆ బాధ పిల్లకు పెట్టొద్దు.

ఎద చక్రం సుమారు 21 రోజులు. అందులో ఐదు నుంచి ఏడు రోజులు ఎదలో ఉంటుంది, మిగతా రోజులు మగగుర్రాన్ని దగ్గరికి రానివ్వదు. అండం విడుదలయ్యేది ఎద ముగియడానికి ఒకటి రెండు రోజుల ముందు. అంటే మనకు కావలసింది చివరి రోజులు. అవి ఏవో క్యాలెండర్ చెప్పదు.

ఇప్పుడు అసలు పని, టీజింగ్. అంటే ఒక మగగుర్రాన్ని (టీజర్) చూపించి, ఆడగుర్రం ఎదలో ఉందో లేదో తెలుసుకోవడం. ఇక్కడ నిదానించండి.

తెల్లవారి ఆరింటికి, మేత వేయకముందు, అదే చోట, అదే సైసుతో రోజూ చేయాలి. సాయంత్రం చేస్తే ఈగలు, ఎండ బడలిక, పక్క లాయంలో దాణా బకెట్ల చప్పుడు, అన్నీ కలిసి ఆడగుర్రం చిరాకును పెంచుతాయి. ఎదలో ఉన్నదీ లేనట్టే కనిపిస్తుంది. టీజర్‌గా బాగా అరిచే, మాట వినే చిన్న పోనీ మగగుర్రం చాలు. స్టాలియన్‌ను, అంటే దాటించే ఖరీదైన మగగుర్రాన్ని, ఈ పనికి దింపొద్దు.

ఆడగుర్రాన్ని బార్‌కు ఇవతల నిలబెట్టి, టీజర్‌ను అవతల నుంచి తల వైపుకే తీసుకురండి. చాలామంది నేరుగా వెనక భాగం దగ్గరికి తెచ్చేస్తారు. తప్పు. ముందు ముక్కూ ముక్కూ కలవాలి. రెండూ ఊపిరి పీల్చుకుంటాయి. ఆ వెంటనే ఆడగుర్రం ఒక్క కీచు పెట్టి, ముందు కాలు లేపి కొడుతుంది. నూటికి తొంభై మంది ‘ఎదలో లేదు’ అని గుర్రాన్ని మళ్లించేసేది సరిగ్గా ఇక్కడే. మళ్లించకండి. అది పలకరింపు, ఇంకా జవాబు కాదు. కనీసం ఏడెనిమిది నిమిషాలు ఆగండి.

ఆ ఏడెనిమిది నిమిషాలూ తోకను కాదు, చెవులను చూడండి. చెవులు మెడకు అంటుకుపోయి, తోక కాళ్ల మధ్య బిగించి, వెనక కాలు బరువు మార్చుకుంటోందంటే వద్దంటోంది. చెవులు ముందుకూ పక్కకూ తిరుగుతూ వదులయ్యాయంటే మనసు మారుతోంది. అప్పుడు టీజర్‌ను మెల్లగా భుజం, పక్కటెముకలు, తుంటి వరకు జరపండి. ఎదలో ఉన్నది దానివైపే ఒరుగుతుంది. వెనక కాళ్లు ఎడంగా పెట్టి నడుము దించుతుంది, తోక పక్కకు ఎత్తి పట్టుకుంటుంది. కొంచెం కొంచెంగా మూత్రం పోస్తుంది, యోని పెదవులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. టీజర్ ఆ మూత్రం వాసన చూసి, మెడ చాచి పైపెదవి మడుస్తుంది. అది నవ్వు కాదు. వాసనను అంగిలికి పైన, ముక్కు లోపల ఉన్న ప్రత్యేక అవయవానికి చేర్చుకోవడం.

ఒక్క మూత్రాన్ని నమ్ముకుని మోసపోకండి. భయపడ్డ ఆడగుర్రం కూడా పోస్తుంది. కానీ దాని చెవులు వెనక్కే ఉంటాయి, ఒళ్లు కర్రలా బిగుసుకుంటుంది. అన్ని గుర్తులూ కలిసి రావాలి. పాలతాగే పిల్ల ఉన్న తల్లి అయితే పిల్లను దాని కళ్లెదుటే, ముక్కుకు అందేంత దూరంలో పట్టుకోండి. పిల్ల కనపడకపోతే అది ఎదలో ఉన్నా చూపించదు. ఈనిన వారం, పది రోజులకే మళ్లీ ఎదకు వస్తుంది, కానీ ఆ ఎదను వదిలేయాలి. గర్భాశయానికి విశ్రాంతి ఇచ్చి తర్వాతి ఎదలో దాటించండి.

ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట ఒక బూడిదరంగు మార్వాడీ జాతి ఆడగుర్రం ఉండేది. స్కాన్‌లో ఫాలికిల్ (అండం ఉండే తిత్తి) 40 మిల్లీమీటర్లు, అంతా సిద్ధం. యజమానికి తొందర. టీజింగ్ అక్కర్లేదన్నారు. మా ముసలి సైసు చాచా మాత్రం ‘చెవులు చూడు బేటా, ఇంకా ఒప్పుకోలేదు’ అంటూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. స్టాలియన్ పక్కకు రాగానే రెండు కాళ్లతో తన్నింది. దెబ్బ స్టాలియన్ తొడ లోపల తగిలింది. గాయం నెలలో మానింది, భయం మానలేదు. ఆ సీజనంతా ఆ స్టాలియన్ ఏ ఆడగుర్రం కీచు విన్నా వెనక్కి నడిచేది. అదే ఆడగుర్రాన్ని రెండో రోజు పొద్దున బార్ దగ్గర పది నిమిషాలు నిలబెట్టాను. తొమ్మిదో నిమిషంలో ఒక చెవి పక్కకు వాలింది. తర్వాత తనే మోచేయి దాకా గోడకు ఆనుకుంది.

‘స్కాన్ ఉండగా ఈ పాత పద్ధతి ఎందుకు?’ అని నన్ను అడుగుతుంటారు. స్కాన్ అండాశయాన్ని చూస్తుంది, ఆడగుర్రం మనసును చూడదు. రెండూ కావాలి. మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగెత్తే ఏ థరోబ్రెడ్ (రేసు జాతి గుర్రం) అయినా సహజంగా దాటించగా పుట్టిందే. కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను థరోబ్రెడ్‌గా నమోదు చేయరు. అందుకే పెద్ద పెద్ద స్టడ్ ఫామ్‌లలోనూ స్కాన్ మిషన్ పక్కన టీజర్ ఉంటుంది. స్వేచ్ఛగా తిరిగే మందల్లో చూడండి, చాలాసార్లు ఆడగుర్రమే మగగుర్రం దగ్గరికి నడిచి వెళ్తుంది. రోజుల తరబడి పక్కపక్కన మేస్తాయి. ఆ రోజుల పరిచయాన్ని మనం పది నిమిషాలకు కుదించాం. ఆ పది నిమిషాలు కూడా ఇవ్వకపోతే ఎలా?

ఇక నుక్రా (తెల్ల గుర్రం) కావాలి, గొంతు కింద దేవ్‌మన్ అనే వెంట్రుకల సుడి ఉండాలి అని స్టాలియన్‌ను ఎంచుకునేవాళ్లకు ఒక మాట. రంగు, సుడులు మీకు నచ్చాయి. మూడు రోజులు వరుసగా టీజర్‌కు తోక ఎత్తిన ఆడగుర్రం మీ స్టాలియన్‌ను మాత్రం తంతుంటే, వేరే స్టాలియన్‌ను చూపించండి. ఒకదాన్ని కాదని ఇంకోదాని దగ్గర బుద్ధిగా నిలబడ్డవి నా చేతుల్లోనే ఉన్నాయి. కాళ్లు కట్టడం మాత్రం నా దగ్గర ఎప్పుడూ లేదు, ఉండదు.

దాటించడం తేలిక. తోకకు పట్టీ చుట్టండి, గోరువెచ్చని మంచినీళ్లతో కడిగి తుడవండి. డెటాల్ వద్దు, వీర్యకణాలు చస్తాయి. తాడు చేతికి చుట్టుకోవద్దు, వెనక ఎవరూ నిలబడొద్దు. స్టాలియన్‌ను ఆడగుర్రం ఎడమ భుజం వైపు నుంచి, అది చూస్తుండగా తీసుకురండి. స్టాలియన్ తోక పంపు కొట్టినట్టు పైకీ కిందికీ ఆడితే పని అయినట్టు. వీర్యం సాధారణంగా రెండు రోజులు బతుకుతుంది కాబట్టి ఎద మూడో రోజు నుంచి రోజు విడిచి రోజు, అది వద్దనేదాకా దాటించండి.

అండం విడుదలైన 14, 15 రోజులకు స్కాన్ చేయించండి. కవలలు ఉంటే అప్పుడే తెలియాలి, గుర్రాలు కవలలను నెలలు నిండేదాకా మోయడం చాలా అరుదు. ఒకటే ఉంటే 28వ రోజు ప్రాంతంలో గుండె చప్పుడు కోసం ఇంకోసారి. ఈలోగా, మళ్లీ ఎదకు వచ్చిందేమో తెలియడానికి, 17వ రోజు నుంచి వారం పాటు టీజర్‌ను మళ్లీ రోజూ పొద్దున ఆరింటికి చూపించండి, చెవులు ఎటున్నాయో నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి.