చెన్నై శివార్లలో ఇల్లు కొనేముందు

అమ్మకానికి ఇళ్లు ఎక్కువై కొనేవారు తగ్గిన కాలంలో, తాంబరం, ముడిచూరు, పెరుంబాక్కం వంటి శివారు ప్రాంతాలలో తొందరపడవలసిన పని లేదు. ఒకే సముదాయంలో నాలుగైదు ఫ్లాట్లు నెలల తరబడి ఖాళీగా ఉంటే, ప్రకటనలోని ధరను పక్కన పెట్టి, ఇటీవల అక్కడ రిజిస్టరైన అమ్మకాల ధరలను ఆరా తీసి, బేరం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అయితే ధర కన్నా ముందు చూడవలసింది నీరు. 2015 డిసెంబరు వరదలలో ముడిచూరు, వరదరాజపురం వీధులు మునిగాయి. 2023లో మిచాంగ్ తుపానుకు పళ్లికరణై పరిసరాలదీ అదే గతి. కాబట్టి ఈశాన్య రుతుపవనాల కాలంలో, పెద్ద వాన వెలిసిన మర్నాడే ఇల్లు చూడటం మేలు. పార్కింగు గోడల మీద మోకాలెత్తున, కొత్త సున్నం కింద నుంచి కూడా, ఒకే గీతగా కనిపించే మరక బ్రోకరు చెప్పని సంగతి చెబుతుంది. వేసవిలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయో కాపలాదారును అడగాలి. ఆ విషయం ఆయనకు గుర్తున్నంతగా అమ్మేవారికి గుర్తుండదు.

అపార్టుమెంటులో గోడలతో పాటు భూమిలో విడదీయని వాటా, అంటే యూడీఎస్, కూడా కొంటాము. రెండు ఫ్లాట్లు ఒకే ధరకు వస్తుంటే, తక్కినవన్నీ సమానమైనప్పుడు, ఆ వాటా ఎక్కువున్నదే తీసుకోవాలి. పాత దస్తావేజులు చాలావరకు తమిళంలో ఉంటాయి కనుక, తమిళం మాట్లాడటం వచ్చి చదవటం రాని మనవంటివారు బయానా ఇచ్చేలోపే పట్టాను, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను, తాకట్టులను చూపే ఈసీని న్యాయవాదికి చూపించాలి.